ఉక్కు గడ్డకట్టు విధము – మన గ్రామముల చిట్టెపు దిబ్బలు

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో పెక్కు గ్రామముల శివారులయందు, చెరువు గట్టుల దాపున, అడవి అంచులయందు నల్లని రాళ్ళ దిబ్బలు కాననగును. ఆ రాతిని చేతికెత్తిన బరువుగా నుండును. పగులగొట్టిన గాజువలె మెరయును. కొన్నింటిపై గాలిబుడగల గుంటలుండును. ఇవి భూమిలో పుట్టిన రాళ్ళు కావు. మన పూర్వులు ఇనుపరాతిని, నల్లయిసుకను బొగ్గులతో కాల్చి ఇనుము తీసినపుడు మిగిలిన చిట్టెము. చిట్టెపు దిబ్బ యున్నచోట ఒకప్పుడు కొలిమి యుండెను. కొలిమి యున్నచోట దాని విద్య నెరిగినవారుండిరి.

ఈ దిబ్బలను చదును చేయుటయు, ఆ చిట్టెమును బాటలపై పరచుటయు సులభమైన పని. కాని దిబ్బ ఒకసారి పోయినచో మరల రాదు. అందుచేత, ఆ కొలుములలో జరిగిన పని యెట్టిదో, కరగిన లోహము చల్లారి గడ్డకట్టునపుడు దానిలో చెట్టు కొమ్మలవంటి స్ఫటికము లెట్లు పుట్టునో, ఆ కొమ్మలకును మన ప్రాంతపు ఉక్కు లోకప్రసిద్ధి చెందుటకును గల సంబంధమేమో పంచాయతీ సభ్యులకు తెలియజేయుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఉక్కునకు పేరొందిన సీమ

గోదావరికి ఇరువైపులనున్న నిర్మల్, జగిత్యాల ప్రాంతములు, వానికి చేరువనే నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము, ఇందల్వాయి గ్రామములు పూర్వము మూసలో కరగించిన ఉక్కునకు ప్రసిద్ధి చెందినవి. పదునేడవ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అలలవంటి గీతలు తేలునట్టి ఉక్కు గోలకొండ రాజ్యమునుండియే పారశీక దేశమునకు పోవుచున్నదని వ్రాసెను. పడమటి ఆసియాలో ఆ ఉక్కుతో సాగగొట్టిన ఖడ్గములకు డమాస్కసు కత్తులని పేరు వచ్చెను. ఐరోపావారు ఈ ఉక్కును 'ఊట్జ్' అనిరి. ఆ మాట కన్నడమునందును తెలుగునందును వాడుకలోనున్న 'ఉక్కు' అను మాటకు రూపాంతరమేయని పండితుల అభిప్రాయము.

1820 ప్రాంతమున త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను, భూగర్భ శాస్త్రజ్ఞుడుగను పనిచేసిన వాయిసీ దొర కోనసముద్రమునకు వచ్చి, అచ్చటి పనిని కన్నులార చూచి వ్రాసియుంచెను. ఆయన 1824లో మరణించెను. ఆ వ్రాత 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యెను. దానినిబట్టి, వేర్వేరు చోట్ల తీసిన రెండు రకముల ఇనుమును, ఒకటి మూడు పాళ్ళు, మరియొకటి రెండు పాళ్ళుగా తూచి, మూసలో నుంచి, మూతపెట్టి, ఇరువది నాలుగు గంటలు తిత్తులూది కాల్చెడివారు. పిమ్మట మూసను పగులగొట్టి లోపలి ఉక్కు బిళ్ళను తీసి, దానికి బంకమట్టి పూసి, పండ్రెండు మొదలు పదునారు గంటలు మరల వేడిచేసి చల్లార్చెడివారు. అవసరమైనచో ఈ పనినే మూడు నాలుగు పర్యాయములు చేసెడివారు. ఆ దినములలో ఇస్ఫహాను నగరమునుండి వచ్చిన పారశీక వర్తకుడొకడు అచ్చటనే యుండి, తూకమును పనిని స్వయముగా పరీక్షించుచుండెనని కూడ వాయిసీ వ్రాసెను. సముద్రము దాటి వచ్చి ఒక పల్లెటూరి కొలిమివద్ద కాచుకొనియుండుటకు ఆ వర్తకునకు కారణముండవలెను గదా! ఆ కారణము మూసలోపల నున్నది.

మూసలోపల జరుగు పని

శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో గాని కరగదు. మట్టికొలిమిలో బొగ్గులతోను తిత్తులతోను అంత వేడి పుట్టించుట మిక్కిలి కష్టము. కాని ఇనుములో కర్బనము, అనగా బొగ్గునందలి సారము, చేరినకొలది అది తక్కువ వేడికే కరగును. నూటికి ఒకటిన్నర పాలు కర్బనము చేరినచో సుమారు 1450 డిగ్రీలకే పూర్తిగా ద్రవమగును. ఆనాటి మూస ఉక్కులో కర్బనము సాధారణముగా నూటికి ఒకటి మొదలు రెండు పాళ్ళవరకు నుండెడిది. అంత వేడికి మూస కరగిపోరాదు, పగులరాదు. అందుకై మన కమ్మరులు మట్టిలో వరి ఊకను విరివిగా కలిపి మూసలు చేసిరి. ఊక మాడి మసియై, దానియందలి ఇసుకసారము మట్టితో కలిసి, మూసను వేడికి తట్టుకొనునట్లు చేసెను. వడ్లు దంచగా మిగిలిన ఊక ఉక్కుపనికి అక్కరకు వచ్చుట వ్యవసాయమును పరిశ్రమయు పూర్వము ఎట్లు పెనవైచుకొని యుండెనో తెలుపుచున్నది.

ఇట్టి ఉక్కు ఒక్క డిగ్రీవద్ద ఒక్కసారిగా గడ్డకట్టదు. గడ్డకట్టుట మొదలైన పిదప ఇంకను నూరు డిగ్రీలకు పైగా వేడి దిగినగాని కడపటి బొట్టు గట్టిపడదు. ఈ నడిమి కాలమున మూసలో కొంత ఘనము, కొంత ద్రవము కలిసియుండును. కొమ్మల స్ఫటికములు పెరుగునది ఈ కాలముననే.

కొమ్మలు ఏల పుట్టును?

ద్రవము గడ్డకట్టునపుడు అణువులు వరుసలు తీర్చి నిలుచును. ఇట్లు వరుస తీరిన ముద్దకే స్ఫటికమని పేరు. మొదట ఒక చిన్న గింజ యేర్పడును. ఆ గింజ గుండ్రముగా, నునుపుగా పెరుగవలెనని మనకు తోచును. కాని అట్లు జరుగదు. దానికి రెండు కారణములు గలవు.

మొదటిది: గడ్డకట్టు పదార్థము తన వేడిని వెలిబుచ్చును. ఆ వేడి చుట్టునున్న ద్రవములోనికి పోయినగాని తరువాతి వరుస గట్టిపడదు. రెండవది: ఘనము తనలో ఇముడని పదార్థమును ద్రవములోనికి నెట్టివేయును. పిల్లలు కొనుక్కొను పుల్ల ఐసు ఇందుకు చక్కని నిదర్శనము. దానిని పీల్చినపుడు రంగును తీపియు ముందుగా నోటికి వచ్చును; కడకు చప్పని తెల్లని మంచు పుల్లకు మిగులును. నీరు గడ్డకట్టునపుడు చక్కెరను రంగును ప్రక్కకు నెట్టెను గనుకనే అవి మంచు కొమ్మల సందులలో నిలిచినవి. ఉక్కులో కర్బనమునకును ఇట్లే జరుగును.

ఇపుడు స్ఫటికపు అంచున ఎచ్చటనో ఒక చిన్న మొటిమ ముందునకు పొడుచుకొని వచ్చినదనుకొందము. వరిమడిలో గట్టువార నున్న మొక్క నడిమి మొక్కకంటె బలముగా పెరుగుట రైతులందరు ఎరిగినదే. దానికి ఎండయు గాలియు ఎక్కువ వైపులనుండి తగులును. మొటిమ కొనకును అట్లే. అది తన వేడిని, తాను నెట్టివేసిన పదార్థమును అన్ని వైపులకు సులభముగా వదలించుకొనును. కనుక ప్రక్కనున్న భాగముకంటె వేగముగా పెరుగును. పెరిగినకొలది ఇంకను మేలైన చోటునకు చేరును. ఇట్లు మొటిమ కాండమగును. కాండము ప్రక్కలందు మరల మొటిమలు లేచి కొమ్మలగును, కొమ్మలకు రెమ్మలు పుట్టును. నునుపైన అంచు ఇట్లు తనంతట తాను ఏల చెదరునో 1963–64 సంవత్సరములలో మలిన్సు, సెకెర్కా అను శాస్త్రజ్ఞులు గణితమూలమున నిరూపించిరి.

మరి కొన అంతులేక సన్నము కాకుండుటకు కారణమేమి? నీటిబొట్టు గుండ్రముగా నుండుటకు దాని పైపొర బిగువు కారణము. అట్టి బిగువు స్ఫటికమునకును గలదు. మితిమించి సన్నమైన కొనను అది వెనుకకు లాగును. ముందునకు పొడుచు గుణమునకును, వెనుకకు లాగు బిగువునకును నడుమ కుదిరిన ఒడంబడికయే కొమ్మల ఆకారము.

కొమ్మలు ఏ దిక్కునకు సాగునో అణువుల అమరిక నిర్ణయించును. మంచులో అణువులు ఆరు మూలల అమరికలో నుండును గనుక మంచుపూవునకు ఆరు రేకులుండును. ఈ ఆరు మూలల విషయమై కెప్లరు అను ఖగోళజ్ఞుడు 1611లోనే ఒక చిన్న గ్రంథము వ్రాసెను. ఇనుములో అణువులు ఘనచతురస్రముగా నమరును గనుక ప్రక్కకొమ్మలు కాండమునకు లంబముగా, దూలమునకు వాసములు కూర్చినట్లు సాగును. రష్యా దేశపు లోహశాస్త్రజ్ఞుడు చెర్నోవు, పెద్ద ఉక్కు దిమ్మలో దొరకిన 39 సెంటీమీటర్ల పొడవుగల ఒక స్ఫటికమును భద్రపరచెను. అది అచ్చముగా కొమ్మలతో కూడిన చిన్న చెట్టువలె నుండును.

చల్లారు వేగము – కొమ్మల ఎడము

ఒకే పదార్థమైనను పరిస్థితి మారిన కొమ్మల తీరు మారును. జపాను దేశమున నకాయా అను ఆచార్యుడు 1936లో ప్రయోగశాలయందు మంచుపూవును మొట్టమొదట పెంచి, వేడిని తేమను మార్చినకొలది అది పలకగాను, సూదిగాను, కొమ్మల నక్షత్రముగాను మారుటను చూపెను.

లోహములో ముఖ్యమైనది చల్లారు వేగము. వేగముగా చల్లార్చిన కొమ్మలు సన్నముగా, ఒత్తుగా నుండును. నిదానముగా చల్లార్చిన లావుగా, ఎడముగా నుండును. ఒత్తుగా మొలచిన జొన్నలో బలహీనమైన మొక్కలను పెరికి పలుచన చేసినట్లు, నిదానముగా చల్లారునపుడు సన్నని కొమ్మలు తిరిగి కరగి, వాని పదార్థము లావు కొమ్మలకు చేరును. దీనికి ఒక లెక్క గలదు. గడ్డకట్టు కాలము 8 రెట్లయినచో కొమ్మల ఎడము సుమారు 2 రెట్లగును. 1000 రెట్లయినచో సుమారు 10 రెట్లగును. అనగా గడ్డకట్టిన లోహమును కోసి, మెరుగుపెట్టి, సూక్ష్మదర్శినిలో చూచి కొమ్మల ఎడమును కొలిచినచో అది ఎంతసేపటికి చల్లారెనో చెప్పవచ్చును. చెట్టు మొద్దులోని వలయములు దాని వయస్సును తెలుపునట్లు ఈ కొమ్మలు కొలిమి చరిత్రను తెలుపును.

దక్షిణమున మైసూరు, తమిళ ప్రాంతముల పద్ధతియందు మూసను కొలిమినుండి తీసి నీటిలో చల్లార్చుట గలదు. మన ప్రాంతపు పద్ధతి వేరు. మూసలను కొలిమిలోనే యుంచి నిదానముగా చల్లారనిచ్చెడివారు. దానివలన కొమ్మలు లావుగా పెరుగుటకు తగిన వ్యవధి దొరకెను. అట్టి ఉక్కు బిళ్ళలలో కొమ్మల ఎడము సుమారు అర మిల్లీమీటరు వరకు నుండును. కత్తిపై గీతలు తేలుటకు ఇదియే పునాది.

గీతల రహస్యము

ఈ గీతల మర్మమును గ్రహించుటకు ఐరోపా పండితులు శతాబ్దమునకు పైగా శ్రమించిరి. 1794లో బొంబాయినుండి ఈ ఉక్కు మచ్చులు లండనులోని రాయల్ సొసైటీకి పంపబడెను. విద్యుచ్ఛాస్త్రమునకు పునాదులు వేసిన మైకేల్ ఫారడే కూడ 1819 మొదలు కొన్ని సంవత్సరములు దీనిని పరీక్షించెను. ఫారడే తండ్రి కమ్మరియే యగుట ఇచ్చట స్మరింపదగినది. పారిసులో బ్రెయాం అను ఆయన, రష్యాలో అనోసోవు అను ఆయన ఇట్టి ఉక్కును స్వయముగా చేయుటకు యత్నించిరి.

విషయము 1990 తరువాత గాని బాగుగ తేటపడలేదు. అమెరికాలో వెర్‌హోవెన్ అను లోహశాస్త్ర ఆచార్యుడును, పెండ్రే అను కమ్మరియు కలిసి పనిచేసి 1998లో ప్రకటించిన ఫలితము లిట్లున్నవి. ఇనుపరాతినుండి వచ్చిన వనాడియమువంటి లోహము ఉక్కులో మిక్కిలి స్వల్పముగా నుండును. లక్షకు నాలుగు పాళ్ళున్నను చాలును. కొమ్మలు పెరుగునపుడు ఇది సందులలోనికి నెట్టబడును. కర్బనము చురుకుగా కదలు స్వభావము గలది గనుక తరువాత అంతటను సర్దుకొనును. వనాడియము కదలలేక సందులలోనే నిలుచును. కమ్మరి ఆ బిళ్ళను సమ్మెటతో సాగగొట్టినపుడు ఈ సందులు పలుచని పొరలుగా పరచుకొనును. అతడు దానిని మితమైన వేడిలో మరల మరల కాచి కొట్టినకొలది, ఇనుమును కర్బనమును కలిసి యేర్పడు గట్టి రేణువులు ఆ పొరలవెంట వరుసగా పేరుకొనును. కత్తిని మెరుగుపెట్టి పులుసుమందుతో కడిగినపుడు రేణువులు తెల్లగాను, తక్కిన భాగము నల్లగాను కనబడి అలలవంటి గీతలు తేలును.

దీనినిబట్టి మూడు సంగతులు గ్రహింపవలెను. ఇనుమును ఏ చోటినుండి తెచ్చిరనునది ముఖ్యము. మూసను నిదానముగా చల్లార్చుట ముఖ్యము. మితిమించిన వేడి తగిలిన రేణువులు కరగిపోవును గనుక కమ్మరి కంటి పదును ముఖ్యము. సూక్ష్మదర్శిని లేకయే, వనాడియమను పేరైనను వినకయే, నిప్పు రంగునుబట్టియు చేతి అనుభవమునుబట్టియు మన పల్లెవాసులు ఈ మూడింటిని సాధించిరి.

పందొమ్మిదవ శతాబ్దమున యంత్రాగారములలో చౌకగా ఉక్కు తయారగుట, బొగ్గులకు అడవి కట్టె దొరకుట కష్టమగుట, పడమటి దేశములతో బేరము తగ్గుట మొదలగు కారణములచే ఈ పరిశ్రమ క్షీణించెను. కొలుములు ఆరినవి, దిబ్బలు మిగిలినవి.

ఓజాల ఇత్తడిపని

కరగిన లోహము మన ప్రాంతమున ఈనాటికిని చల్లారుచునే యున్నది. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో ఉషేగావ్, కేస్లాగూడ గ్రామముల ఓజాలు మట్టి అచ్చుపై మైనపు తీగలు చుట్టి, పైన మరల మట్టి పూసి, కాల్చి, మైనము కరగిపోయిన ఖాళీలో ఇత్తడిని పోయుదురు. గోండుల దేవతామూర్తులు, గంటలు, దీపములు వీరి చేతిపనియే. ఆదిలాబాదు డోక్రాకు 2018లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించెను. ఇత్తడియు కొమ్మలుగనే గడ్డకట్టును. అచ్చును చాలినంత కాచక పోసినచో లోహము సన్నని దారులలోనికి పోకమునుపే గట్టిపడి వస్తువు అసంపూర్ణమగును. కొమ్మల సందులకు కడపటి ద్రవము అందనిచో లోపల సన్నని బెజ్జము లేర్పడును. అచ్చు కాక చూచి పోయుటయందు ఓజాకుగల నేర్పు కొమ్మలను అదుపులోనుంచు నేర్పే.

నేటి కాలమున ఈ విద్య

ఈ శాస్త్రము పాతబడినది కాదు. 1997 నవంబరులో కల్పనా చావ్లా మొదటిసారి అంతరిక్షమునకు పోయిన కొలంబియా నౌకలో కొమ్మల స్ఫటికములను పెంచు ప్రయోగ మొకటి జరిగెను. భూమిపై వేడి ద్రవము పైకి, చల్లని ద్రవము క్రిందికి కదలుటచే కొమ్మల పెరుగుదల చెదరును. అంతరిక్షమున ఆ కలత మిక్కిలి తక్కువ. మన హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల, హెలికాప్టరు ఇంజనుల కొరకు ఒకే స్ఫటికముగా గడ్డకట్టిన రెక్కలను తయారుచేసినట్లు 2021 ఏప్రిలులో ప్రకటింపబడెను. అందు కొమ్మలన్నియు ఒకే దిక్కునకు సాగునట్లు చల్లార్చుటయే కీలకము. కోనసముద్రపు కమ్మరి మూసయందు చేసినదియు, హైదరాబాదు శాస్త్రజ్ఞుడు కొలిమియందు చేయునదియు మూలమున ఒకటే: చల్లారుటను అదుపుచేయుట.

పంచాయతీల కర్తవ్యము

ఇరువదవ శతాబ్దపు చివరి దశాబ్దములలో తెల్మా లో అను పరిశోధకురాలు కోనసముద్రపు మూసలను పరీక్షించెను. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థయు, ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమును కలిసి ఉత్తర తెలంగాణా గ్రామములలో తిరిగి ఇట్టి స్థలములను నమోదు చేసెను. వారికి ఆధారమైనవి గ్రంథములు మాత్రమే కావు. మన ఊరి దిబ్బలు. చిట్టెపు ముక్కలో ఏ రాతినుండి ఇనుము తీసిరో తెలియును. మూస పెంకులో ఎంత వేడి పుట్టెనో తెలియును. చిక్కుకొనిన ఉక్కు బొట్టులో అది ఎట్లు చల్లారెనో తెలియును. దిబ్బ అడుగుననున్న బొగ్గుముక్కలో దాని కాలము తెలియును. అయితే ఇవన్నియు ఉన్నచోటనున్నంతవరకే సాక్ష్యములు. చెదిరి బాటపై పడిన చిట్టెము వట్టి కంకర.

కావున పంచాయతీ సభ్యులు ఈ క్రింది పనులు చేయవలెనని కోరుచున్నాము.

ఒకటి: గ్రామపు పొలిమేరలో చిట్టెపు దిబ్బ యున్నదేమో విచారింపుడు. బరువైన నల్లని చిట్టెము, ఊక గుర్తులుగల నల్లని మూస పెంకులు, తిత్తినుండి గాలి పోవుటకు పెట్టిన మట్టి గొట్టపు ముక్కలు దీనికి గుర్తులు.

రెండు: దిబ్బ యున్న సర్వే నంబరును, దాని పొడవు వెడల్పులను వ్రాసి, ఛాయాచిత్రము తీయించి పంచాయతీ దస్తరములో నుంచుడు. గ్రామసభలో చదివి వినిపింపుడు.

మూడు: బాటపని, చెరువు పూడికపని, ఇండ్ల స్థలముల చదునుపని అంచనా వేయునపుడే ఆ చోటును విడిచిపెట్టుటకు ఇంజనీరునకు తెలుపుడు. పని మొదలైన పిమ్మట తెలిపిన ఫలము తక్కువ. తప్పనిసరియైనచో తహశీలుదారు ద్వారా రాష్ట్ర వారసత్వ శాఖకు ముందుగా వ్రాయుడు.

నాలుగు: దిబ్బ పట్టాభూమిలో నున్నచో ఆ రైతును దోషిగా చూడరాదు. అతనికి సాగు ముఖ్యము. దిబ్బ విలువ యేమో నచ్చజెప్పి, దున్నకముందు కొలతలు, చిత్రములు తీయుటకు అతని సమ్మతిని పొందవలెను.

ఐదు: కమ్మరి, ఓజా కుటుంబములలోని వృద్ధులకు తెలిసిన పనిముట్ల పేర్లను, పని తీరును బడిపిల్లలచే వ్రాయింపుడు. ఒక మాట మరుగుపడినచో దానితోపాటు ఒక పనియు మరుగుపడును.

ఈ పనులలో దేనికిని పెద్ద వ్యయము లేదు, కావలసినది శ్రద్ధ. ఇతర దేశముల వస్తుప్రదర్శనశాలలలో అలల గీతల కత్తులను అద్దపు పెట్టెలలో భద్రపరచియున్నారు. ఆ ఉక్కు పుట్టిన దిబ్బలకు అద్దపు పెట్టెలు లేవు. వానికి కాపు గ్రామ పంచాయతీయే. వచ్చు గ్రామసభయందే ఈ విషయమును చర్చకు పెట్టి, మీ ఊరి దిబ్బను దస్తరమున కెక్కింతురని ఆశించుచున్నాము.